ఇంజన్ పక్క సీటు

మా కంపెనీ బస్సులో ఇంజన్ పక్కన ఒంటి సీటు ఒకటుంది. దాంట్లో నేను తప్ప ఎవరూ కూర్చునేవారు కాదు. సంగారెడ్డిలో ఎక్కింది మొదలు బొల్లారం గేటు దాకా గడియారం చూస్తూ డ్రైవరన్నను తొందరపెట్టడం నా పని. ఎవరూ అప్పజెప్పలేదు, నేనే నెత్తికెత్తుకున్నాను. ఏడింటికి వేలిముద్ర పడకపోతే లేటు. మూడు లేట్లయితే సగం రోజు సెలవు పోతుంది. అందుకే ఎర్ర లైటు పడ్డా రోడ్డు ఖాళీగా కనిపిస్తే, "పోనియ్ అన్నా, ఎవలు లేరు" అనేవాణ్ణి. ఆయన పోనిచ్చేవాడు. వెనకున్న ముప్పైమందిలో ఒక్కరూ వద్దనేవారు కాదు.

ఆ రోజూ అదే మాట అన్నాను. పటాన్‌చెరు దాటాక ఒక సిగ్నల్ దగ్గర, పాల క్యాన్లతో అడ్డంగా వచ్చిన మోపెడ్‌ను మా బస్సు గుద్దింది. అతనికి పచ్చ లైటే ఉంది. మనిషి బతికాడు గానీ, కాలు రెండుచోట్ల విరిగింది.

పోలీసాయన బస్సెక్కి, "ఎవరన్న తొందర పెట్టిండ్రా?" అని డ్రైవరన్నను అడిగాడు.

"ఎవ్వలు లేరు సార్. నేనే సూస్కోలే" అన్నాడాయన. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

సిగ్నల్ దాటితే ఫోనుకు చలానా వస్తుంది, కట్టేస్తే పోతుంది అని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ప్రమాదకరంగా నడిపి మనిషిని గాయపరిచినందుకు ఆయన మీద కేసు పెట్టారు. లైసెన్సు సస్పెండయింది. స్టీరింగ్ తప్ప ఇంకో పని తెలియని మనిషి ఇంట్లో కూర్చున్నాడు. మా బస్సుకు కొత్త డ్రైవరు వచ్చాడు.

నాకు జాలి కలగాలి. కలిగింది అనుమానం. నా పేరు ఎందుకు చెప్పలేదు? ఉత్తపుణ్యానికి ఎవరు కాపాడతారు? కోర్టులో చెబుదామని దాచుకున్నాడా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉండేది నా బతుకు. క్యాంటీన్‌లో ఎవరైనా "ఏందన్నా, పరేషాన్‌ల ఉన్నవ్?" అంటే, వీడికేం తెలిసింది అనుకునేవాణ్ణి. తెలియని నంబరు మోగితే ఎత్తేవాణ్ణి కాదు. కొత్త డ్రైవరు నా వైపు తిరిగితే, వీడికెవరో ఎక్కించారనిపించేది. అయినా సీటు మార్చలేదు, మారిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని. "పోనియ్" అనడమూ మానలేదు. హఠాత్తుగా మానితే నలుగురూ కనిపెట్టరా?

నెల గడిచాక ఒక ఆదివారం పొద్దున పాత డ్రైవరన్న మా ఇంటికొచ్చాడు. వచ్చాడు రా, బేరానికి, అనుకున్నాను. కుర్చీ వేసి, తలుపు దగ్గరగా వేశాను, పక్కింటివాళ్ళు వింటారని.

ఆయన నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. తర్వాత, "కొత్తగ నడిపేటోడు మా అల్లుడు తమ్మీ. పెండ్లయి ఏడాది గాలే. నా బిడ్డకు ఇప్పుడు ఐదో నెల" అన్నాడు.

ఇక డబ్బు మాట ఎత్తుతాడనుకున్నాను.

"వాడు కొత్తోడు. ఎవరేమన్న జెప్తే కాదనలేడు. జెర నువ్వు ముంగట కూసోకు. వెనక యాడన్న కూసో."

"అంతేనా? ఇంకేం వద్దా?" అన్నాను. అప్పటికీ నా బుద్ధి పోలేదు.

"ఇంకేం గావాలె?" అన్నాడు. వంగి చేతులు జోడించబోయాడు. ఆ చేతులు పట్టుకుని ఆపాను. సిగ్గుతో ముఖమెత్తలేకపోయాను. ఈయన నన్ను పట్టిస్తాడేమోనని నెల రోజులు నేను భయపడ్డాను. ఆ నెల రోజులూ ఆయన, నా నోటికి తన అల్లుడు బలవుతాడేమోనని భయపడుతూ బతికాడు.