డ్రమ్స్ కూడా తనే వాయించే మా బావ

మా బావ రాక్ గాయకుడు. పాట తనే రాస్తాడు, బాణీ తనే కడతాడు, తనే పాడతాడు. మ్యూజిక్ కంపెనీల గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. అవి కూడా మా గడప తొక్కలేదు లెండి, పట్టింపు రెండు వైపులా ఉంది. పదిహేనేళ్లుగా ఆయనది స్వతంత్ర సంగీతం. అద్దె, కరెంటు, వ్యానులో డీజిలు మా అక్క జీతం.

ఆ గొంతు పైకి లేస్తే మా ఇంటి బల్లులు సంసారంతో సహా పక్కవాటాకి మారిపోయేవి. కంగారులో ఒకటి తోక కూడా మరిచిపోయింది, నేను కళ్లారా చూశాను.

రికార్డింగు బట్టల బీరువాలో. చుట్టూ దుప్పట్లు, హ్యాంగరుకి మైకు, లోపల చెమటలు కక్కుతూ బావ. తలుపు తెరుచుకోకుండా బయట వీపు ఆనించి నిలబడేది అక్క. డ్రమ్స్ వాయించేదీ అక్కే. బేసు గిటారు నాది. చదువు ఎనిమిదో తరగతిలోనే నా బారి నుంచి బతికి బయటపడింది గానీ, నేను తీగ మీటితే వీధి చివర కిటికీలు తాళం వేసేవి.

ఆరోజు ముగ్గురం కచేరీకి వెళ్తున్నాం. వ్యాను రేడియోలో బావ ఇంటర్వ్యూ వచ్చింది. "సౌండు పెంచరా" అని ఆయనే పెంచాడు.

"మరి డ్రమ్స్ ఎవరండీ?" అంది రేడియో అమ్మాయి.

"అన్నీ నేనే. ఒంటరివాణ్ణి," అన్నాడు రేడియోలో బావ.

అక్క స్టీరింగు వదల్లేదు. "డ్రమ్స్ కూడా నువ్వేనా?"

"అబ్బ, ఇంటర్వ్యూల్లో అలాగే అంటారే. పెళ్లాం, బావమరిది అంటే రాక్‌లా ఉంటుందా? కిరాణా కొట్టులా ఉంటుంది."

"సరే. ఇవాళ మైకులో చెప్పు, డ్రమ్స్ మా ఆవిడవని. చెప్తే వాయిస్తా. లేదా ఇదే ఆఖరు. హోటల్ బ్యాండువాళ్లు ఎన్నాళ్లనుంచో పిలుస్తున్నారు."

"చెప్తాలేవే, అదెంత పని!"

హాల్లో నలభై మంది ఉన్నారు. సగం మంది వానకి తలదాచుకోవడానికి వచ్చినవాళ్లు. మొదటి పాట అయ్యాక బావ మైకు పట్టుకున్నాడు.

"ఈ డ్రమ్స్..." అని ఆగాడు. ముందు వరసలో ఎర్రజుట్టు అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తోంది. "...ఇవి నా గుండె చప్పుడు!"

అక్క డ్రమ్ము పుల్లలు సంచిలో పెట్టేసింది.

బావ కళ్లు మూసుకుని రెండో పాట అందుకున్నాడు. కళ్లు మూస్తే ఓ పట్టాన తెరవడు, అదో జబ్బు. అక్క లేచి డ్రమ్స్ మీది ఇత్తడి తాళాల పళ్లేలు విప్పి బయటికి మోసింది. జనం చప్పట్లు కొట్టారు. బావ గొంతు పెంచాడు. చిన్న డ్రమ్ము వెళ్లింది, ఈలలు. స్టాండ్లు వెళ్లాయి, హాలంతా లేచి నిలబడింది. ఇన్నేళ్లలో అంత ఆదరణ చూడని బావ కళ్లు మూసుకునే వంగి దండం పెట్టి, ఇంకో చరణం అక్కడికక్కడే అల్లేశాడు. నేను బేసు భుజాన వేసుకుని పెద్ద డ్రమ్ము రెండో వైపు పట్టాను.

వ్యాను దగ్గర అక్క అడిగింది. "నువ్వు మీ బావతో ఉంటావేంట్రా?"

"బేసుకి డ్రమ్ము కావాలక్కా. గుండె చప్పుడుతో నాకేం పని?"

లోపల బావ మూడో పాటకి "వన్, టూ, త్రీ, ఫోర్!" అని అరిచాడు. కాసేపాగి మళ్లీ అరిచాడు, ఈసారి కాస్త మెల్లగా. అక్క గేరు వేసింది.