బీపీ లేదమ్మా అన్నాను

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ కింద ఉచిత వైద్య శిబిరం పెడితే, పక్కింటావిడ పోరు పడలేక వెళ్లి చెయ్యి చాపి కూర్చున్నాను. సూరత్‌లో తెలుగు మాట వినపడిందని సంబరపడిపోయిన ఆ డాక్టరమ్మాయి, పట్టీ విప్పుతూ, ఆంటీ మీకు బీపీ లేదు అంది. ఇరవయ్యేళ్లుగా మాత్ర మింగుతున్న మనిషికి లేకపోవడమేమిటని నేను విరుచుకుపడేసరికి పాపం బిత్తరపోయింది. ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా జారిపోతుందో నాకంటే తెలిసినవాళ్లెవరు.

మావారి రైల్వే ఉద్యోగంతో ఈ ఊరొచ్చి, ఇక్కడి ఒక ఆస్పత్రిలో రక్తపోటు మీదా కిడ్నీ మార్పిడి మీదా పరిశోధనతోనే నా సర్వీసంతా గడిపాను. చివరి ఏళ్లలో నేను పట్టుకు వేలాడిన ప్రశ్న ఒక్కటే. బీపీ ఉన్నా ఒక్క మాత్రతో అదుపులో ఉన్న మనిషి సొంతవాళ్లకి కిడ్నీ ఇవ్వొచ్చా, ఇచ్చాక తను క్షేమంగా ఉంటుందా అని. అలా వచ్చినవాళ్లలో ఒకావిడ ఈ ఊళ్లోనే నవాగామ్‌లో ఉండేది, తెలంగాణ మనిషి, ఇంట్లో కూర్చుని చీరలకి రాళ్లు అంటించే పని. మగ్గం మీద పనిచేసే భర్తకి రెండు కిడ్నీలూ పోయి, వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి తిరుగుతున్నాడు. ఆవిడ కిడ్నీ ఆయనకి సరిపోయింది, ఆవిడ బీపీ కూడా మాత్రకి లొంగింది, ఇక ఆపరేషన్ తేదీ పెట్టడమే తరువాయి అనుకుంటుండగా లాక్‌డౌన్ వచ్చిపడింది.

ఆపరేషన్లు ఆగిపోయాయి. మేం ఇచ్చిన మిషన్‌తో ఆవిడ ఇంట్లోనే బీపీ చూసుకుని అంకెలు ఫోన్‌లో చదివేది, నేను రాసుకునేదాన్ని. ఒకరోజు అంకెలు ఎంత బాగున్నాయంటే నాకు పట్టరాని సంతోషం వేసింది. కాగితం మీద ఇంగ్లీషులో ‘కంట్రోల్డ్’ అని రాసుకుని, ఆవిడతో మాత్రం మన తెలుగులో, నీకిప్పుడు బీపీ లేదమ్మా అన్నాను. జ్వరం లేదు అంటే మనకి తగ్గిపోయిందనే కదా అర్థం. ఆవిడా అలాగే అనుకుంది.

ఆ మర్నాటి నుంచే మమ్మల్నందర్నీ కరోనా వార్డుల లెక్కలకి మార్చేశారు. ఫోన్లు చేసే దిక్కులేదు. నా పేషెంట్లని ఎవరు చూస్తారని పెద్దవాళ్ల గదుల చుట్టూ తిరిగి నోరు పడిపోయేలా అరిచాను, వినే తీరిక ఎవరికీ లేదు. నెలల తర్వాత ఆపరేషన్లు మొదలై, భార్యాభర్తలిద్దరూ సంచీ సర్దుకుని వచ్చేసరికి ఆవిడ బీపీ ఆకాశంలో ఉంది. మాత్ర వేసుకోవడం లేదా అని అడిగితే, ఏ తప్పూ ఎరగని మొహంతో, “బంద్ చేసిన డాక్టరమ్మా, లేదని మీరే చెప్తిరి గదా” అంది.

మళ్లీ మాత్రలు వాడి, బీపీ కుదుటపడ్డాక రమ్మని పంపించారు. ఆ కుదుటపడే లోపలే రెండో విడత కరోనా వచ్చి ఆపరేషన్లు మళ్లీ ఆగాయి. డయాలిసిస్‌కి వెళ్లడం మాత్రం ఆగదు కదా, అక్కడే ఆయనకి కరోనా అంటుకుంది. వారం తిరక్కుండా పోయాడు. మా పరిశోధన అచ్చయినప్పుడు ఆవిడ గురించి ఒక్క ముక్కే వచ్చింది, ‘మందు మానేసినందున ఒక దాతను తొలగించాం’ అని. మానేసింది ఆవిడ, మాన్పించింది నేను. ఆ రెండో సంగతి కూడా రాద్దామంటే అది పరిశోధనకి సంబంధించిన విషయం కాదన్నారు. ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఆ తర్వాత ఒకసారి సలాబత్‌పురా బట్టల బజారులో ఆవిడే నన్ను గుర్తుపట్టి పలకరించింది. మాత్ర రోజూ వేసుకుంటోందట. నేను తప్పయిపోయిందని ఏదో గొణగబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. “గాయన ఎట్లన్న పోనే పోయిండు. ఇంకెవలకన్న చెప్పేటప్పుడు, గోలీ బంద్ చెయ్యకుండ్రి అని గూడ ఒక్క మాట చెప్పుండ్రి” అంది.

ఇప్పుడు మన వయసు వాళ్లందరి ఇళ్లలోనూ బీపీ మిషన్లున్నాయి, కొన్నయితే అంకెలు పైకి చదివి చెబుతాయి కూడా. ఆపరేషన్లూ మునుపటిలా జరుగుతున్నాయి. ఆరోజు ఆవిడతో ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడాను, పిల్లల సంగతులు కూడా అడిగాను. ఆ ఒక్క మాటకి ఎంతసేపు పట్టేది?