రేవులాట రెండో భాగం

శ్రీదుర్గకు ఎండుచేపల బేరం ఎంత బాగా వచ్చో, తిట్టడం అంతకన్నా బాగా వచ్చు. ఈ మధ్య ఆ తిట్లన్నీ ఒక కంప్యూటర్ ఆట మీద పడ్డాయి. నవ్వకండి. గిలకలదిండి హార్బరు పక్కన నెత్తళ్ళు ఆరబోసుకుంటూ పెరిగి, వారం వారం గుడివాడ బస్సులో గంప వేసుకుని వెళ్ళే మనిషికి కంప్యూటర్ ఆటలతో పనేమిటని మీకు అనిపిస్తుంది. ఆవిడ ఆడపడుచుకూ అనిపించింది. "ఎవరో ఎక్కడో ఆట తీసుకుంటుంటే నీకెందుకొదినా అంత మంట? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అంది. శ్రీదుర్గ ఒక్క చూపు చూసింది. ఆ పిల్ల టీ గ్లాసు పట్టుకుని అవతలికి వెళ్ళిపోయింది.

ఆ ఆట అసలు పేరు ఇంగ్లీషులో చాంతాడంత ఉంటుంది. బందరు పిల్లలు దాన్ని రేవులాట అనేవారు. మనమే ఒక పడవ కుర్రాడి వేషం కట్టాలి. ఏటి వెంబడి రేవు తర్వాత రేవు తిరుగుతూ, ఎదురైనవాళ్ళనల్లా పలకరిస్తూ, దొంగలతో కొట్లాడుతూ, తుప్పు కత్తితో మొదలుపెట్టి మంచి కత్తి సంపాదించుకుంటూ ఆ కథలోనే బతకాలి. ఇరవై ఏళ్ళ కిందట బందరు ఇంటర్నెట్ సెంటర్లలో ఆ ఆట కోసం కుర్చీల దగ్గర కొట్టుకునేవారు. ఏరు సముద్రంలో కలిసే చివరి రేవు దగ్గర కథ అర్ధాంతరంగా ఆగిపోతుంది. తీసిన కంపెనీ మూతపడిందని అప్పుడే చెప్పుకున్నారు. రెండో భాగం మీద అందరూ ఆశ వదిలేసుకున్నారు.

ఇప్పుడు ఎవరో ఆ పేరు కొనుక్కుని రెండో భాగం తీశారు. ట్రైలర్ వచ్చింది. అప్పటి పిల్లలంతా ఇప్పుడు బట్టతలలూ బీపీ మాత్రలూ ఉన్నవాళ్ళు. వాళ్ళకో వాట్సాప్ గ్రూపుంది. ఆ రోజు గ్రూపు నిండా ఏడుపులే. పాత పాటలు తీసేశారని ఒకడు, మన చిన్నతనాన్ని మనకే మళ్ళీ అమ్ముతున్నారని ఇంకొకడు, రంగులున్నాయి గానీ ప్రాణం లేదని మరొకడు. అందరికన్నా ఎక్కువ గొంతు చించుకున్నది శ్రీదుర్గే. "గాలి ఎటునుంచి వీస్తోంది, తెరచాప ఎటు పొంగింది? తీసినోళ్ళు జన్మలో పడవెక్కలేదు. ఇది ఆడేకన్నా ఊరుకోవడం నయం" అని మైకు నొక్కి చెప్పింది. పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా? విడుదల తేదీ కూడా వచ్చేసింది.

నిజానికి తెరచాప సంగతి ఆవిడకేం పట్టింది. రెండో భాగం అన్న మాట చెవిన పడగానే ఆవిడ గుండెల్లో రాయి పడింది. అదెందుకో తెలియాలంటే గంగన్న సంగతి చెప్పాలి.

గంగన్న శ్రీదుర్గ తండ్రి. ఆమె హైస్కూల్లో ఉండగా ఒక తుపానుకు ముందు వేటకు వెళ్ళాడు. వాయుగుండం వార్త వచ్చాక మిగతా పడవలు తిరిగొచ్చాయి. గంగన్న పడవ రాలేదు. వెతికారు, నావలు పంపారు, ఒడ్డు వెంబడి నాగాయలంక దాకా నడిచి చూశారు. చెక్కముక్క కూడా దొరకలేదు. సముద్రం మీద పోయినవాడు ఒడ్డుకు రాకపోతే మా వైపు బెస్తవాళ్ళ ఇళ్ళల్లో ఒక పద్ధతుంది. మనిషి కంటబడందే పోయినట్టు ఒప్పుకోరు. కర్మ చెయ్యరు. ఆడమనిషి గాజులు తియ్యదు, బొట్టు చెరపదు. అలా ఉండిపోయిన ఇళ్ళు రేవులో ఇంకా ఉన్నాయి. శ్రీదుర్గ తల్లి కొండమ్మ నుదుట ఈనాటికీ రూపాయి బిళ్ళంత కుంకం ఉంటుంది.

ఆ రోజుల్లో ఇంటినిండా ఏడ్చే జనం. శ్రీదుర్గ మాట్లాడ్డం మానేసింది, అన్నం మానేసింది. అన్న ప్రసాద్ అప్పటికి కుర్రాడు, మీసం ఇంకా సరిగా రాలేదు. చెల్లెల్ని ఏం చెయ్యాలో తెలియక చెయ్యి పట్టుకుని కోనేరు సెంటర్లో జయకృష్ణ ఇంటర్నెట్ షాపుకు తీసుకెళ్ళాడు. జయకృష్ణది గుడివాడ దగ్గర వ్యవసాయం ఉన్న కుటుంబం. సంగతి విని, ఎంతసేపైనా కూర్చోండిరా అన్నాడు. అలా రోజూ వెళ్ళేవారు. ప్రసాద్ ఆడేవాడు. తెర మీద ఇంగ్లీషులో ఏ మాట వచ్చినా చదివి తెలుగులో చెప్పేవాడు. శ్రీదుర్గ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని వినేది.

చివరి రేవు దగ్గర ఒక ముసలి పడవవాడు నిలబడి ఉంటాడు. కుర్రాడు వెళ్ళి పలకరించగానే అతని తల మీద అక్షరాలు వచ్చాయి.

"ఏమంటున్నాడన్నయ్యా?" అనడిగింది శ్రీదుర్గ. ఎన్నో రోజుల తర్వాత ఆమె నోటివెంట వచ్చిన మాట అదే.

ప్రసాద్ తెర వంక చాలాసేపు చూశాడు. "పడవ ఆలస్యమైందంట. మునగలేదంట. నీళ్ళ మీద పోయినోళ్ళందర్నీ రెండో భాగంలో తీసుకొస్తాడంట" అన్నాడు.

ఆ పూట శ్రీదుర్గ పులుసన్నం కలుపుకుని తిన్నది. తింటూ తల్లితో కూడా చెప్పింది. "నాన్న రెండో భాగంలో వస్తాడమ్మా" అని. కొండమ్మ ఆ ముద్ద ముద్దకూ తలూపింది.

తర్వాత ఏళ్ళు గడిచాయి. జయకృష్ణ షాపు ఎత్తేసి గుడివాడలో కంప్యూటర్ల కొట్టు పెట్టుకున్నాడు. ప్రసాద్ సముద్రం జోలికి పోకుండా నాగాయలంక వైపు రొయ్యల చెరువుల మీద పనికి కుదిరి అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. శ్రీదుర్గ ఇంటరు చదివింది. ఐసు ప్లాంటులో పనిచేసే మంచివాణ్ణి చేసుకుంది, తల్లిని తన దగ్గరే ఉంచుకుంది. తండ్రి పోయాడని ఆవిడకు తెలియదా? లక్షణంగా తెలుసు. తెలిసినా మనసులో ఒక మూల ఆ పడవ వస్తూనే ఉంది. రెండో భాగం రానంతకాలం గంగన్నకు ఆలస్యమైనట్టే. అది వచ్చేస్తే, అందులో ఆయన లేకపోతే, ఇక ఎదురుచూడ్డానికి ఏం మిగులుతుంది? ఈ మాట ఎవరితో అనగలదు? అందుకే తెరచాపను తిట్టింది.

విడుదల ఇంకో నాలుగు రోజులుందనగా గుడివాడలో గంప ఖాళీ చేసుకుని జయకృష్ణ కొట్టుకు వెళ్ళింది. జయకృష్ణ జుట్టంతా నెరిసింది గానీ మాట మాత్రం అదే. "రామ్మా శ్రీదుర్గా. శనివారం నా దగ్గర పెడుతున్నా. మొదటి కుర్చీ నీదే. ఆడాక తిడుదువుగాని" అన్నాడు.

"అందులో పడవ తాత ఉంటాడాండీ?"

"ఏ పడవ తాత?"

"చివరి రేవులో ఉంటాడు కదండీ. పోయినోళ్ళందర్నీ రెండో భాగంలో తెస్తానని చెప్పే ఆయన."

జయకృష్ణ నొసలు ముడేశాడు. అలాంటి మాట ఆటలో ఎక్కడా లేదే అన్నాడు. ఉందండీ, మీ షాపులోనే విన్నానంది శ్రీదుర్గ. సరే చూద్దామని ఆయన పాత ఆట తీసి కంప్యూటర్లో పెట్టాడు. ఇప్పటికీ ఆ ఆటకు వీడియోలు తీసేవాళ్ళున్నారు గానీ ఆ ముసలాయన దగ్గర ఎవరూ ఆగరు. కథకు అతనితో పని లేదు. జయకృష్ణ ఎప్పుడో ఆడి సేవ్ చేసి దాచుకున్న ఆట ఒకటి చివరి రేవు దాకా వచ్చి ఉంది. కుర్రాడు ఇసుక మీద నడుచుకుంటూ ముసలాయన దగ్గరికి వెళ్ళాడు. అక్షరాలు వచ్చాయి. ఈసారి శ్రీదుర్గే కూడబలుక్కుని చదువుకుంది.

ఈరోజు పడవ లేదు. రేపు రా.

అంతే ఉంది. మళ్ళీ నొక్కింది. ఈరోజు పడవ లేదు, రేపు రా. ఇంకోసారి నొక్కింది. జయకృష్ణ ఆవిడ ముఖం చూసి, మంచినీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టాడు. శ్రీదుర్గ నీళ్ళు తాగి, ఖాళీ గంప చంకనెత్తుకుని బస్టాండుకు వెళ్ళిపోయింది.

మర్నాడు వ్యాపారం మానుకుని అవనిగడ్డ బస్సెక్కింది. మోపిదేవి దగ్గర గుడికి వెళ్ళేవాళ్ళంతా దిగిపోగా సీటు దొరికింది. దారి పొడుగునా అన్నను ఏమేం కడిగెయ్యాలో వరస పెట్టుకుంది. తీరా నాగాయలంక దాటి చెరువు గట్టు మీదికి వెళ్ళేసరికి ప్రసాద్ మోకాళ్ళ దాకా లుంగీ ఎగగట్టి, రొయ్యలు మేత తిన్నాయో లేదోనని నీళ్ళలోంచి ట్రే లాగి చూస్తున్నాడు. వంగిన ఆ వీపు అచ్చం గంగన్న వీపే. శ్రీదుర్గ వరసంతా మర్చిపోయింది.

"చెప్పా పెట్టకుండా వచ్చావేంటే?" అన్నాడు ప్రసాద్.

"ఈరోజు పడవ లేదు, రేపు రా అని ఉంది అందులో. నువ్వు చెప్పిందేంటి?"

ప్రసాద్ ట్రేను నీళ్ళలోకి మెల్లిగా వదిలాడు. గట్టు మీద కూర్చున్నాడు. చెరువులో గాలి ఆడించే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి.

"నాకు ఇంగ్లీషొస్తే కదే చదవడానికి," అన్నాడు. "ఆటంతా నేను కట్టి చెప్పిందే. ఆ రాజూ, ఆ దొంగలూ, వాళ్ళ గొడవా, అన్నీ. ఒక్క ముక్క కూడా చదవలేదు. నువ్వు వింటున్నావు గదాని చెప్పుకుపోయా."

"మరి నాన్న సంగతి కూడా కట్టేయాలా?"

"నువ్వు ఎన్ని రోజుల్నించో సరిగా ఏం తినలేదు దుర్గా. ఆ రోజు నోరు తెరిచి అడిగావు. ఏం చెప్పమంటావు? కంపెనీ మూసేశారని జయకృష్ణ గారు అంటుంటే విన్నా. రెండో భాగం ఎప్పటికీ రాదనుకున్నా. రాదనే ధైర్యంతోనే చెప్పా." తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, "ట్రైలర్ నేనూ చూశా. చూసినకాడ్నించీ నీకు ఫోను చెయ్యాలంటే చెయ్యి రావట్లేదు" అన్నాడు.

శ్రీదుర్గకు కోపం వచ్చినట్టే వచ్చి ఎటో పోయింది. మీసం కూడా రాని వయసులో, తనకూ తండ్రి పోయిన ఆ పిల్లాడు, చదవడం రాని అక్షరాల ముందు కూర్చుని ఒక్కడే ఎంత వెతుక్కుని ఉంటాడో కదా అనిపించింది. ఏడుపాగలేదు. ప్రసాద్ తువ్వాలు ఇచ్చాడు. మేత వాసన కొట్టింది.

"అమ్మ ఊఁ అంటే హంసలదీవిలో సంగమం దగ్గర కర్మ చేస్తాను. ఇన్నాళ్ళూ కొడుకై ఉండి ఒక పిండమన్నా పెట్టలేదు," అన్నాడు ప్రసాద్. "అడగడానికి నాకు నోరు రాదు. నువ్వే అడగాలి."

సరేనంది. అన్నం తిని పొమ్మని వదిన పట్టుబడితే తిని, పొద్దు వాలుతుండగా బందరు చేరింది.

కొండమ్మ వాకిట్లో గోనె మీద కూర్చుని నెత్తళ్ళలో ఇసకా నలుసులూ ఏరుతోంది. శ్రీదుర్గ కాళ్ళు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. తనూ ఏరడం మొదలుపెట్టింది. "అమ్మా" అంది.

"ఆ రెండో భాగం వచ్చేసిందంటగా?" అంది కొండమ్మ తల ఎత్తకుండా.

"శనివారం వస్తుంది." శ్రీదుర్గ ఒక నలుసు ఏరి పక్కన పడేసింది. "అమ్మా, అందులో నాన్న సంగతేం లేదు. అన్నయ్య ఊరికే చెప్పాడంట, నేను తినట్లేదని."

"అది నాకు ఆ రోజే తెలుసు. ఆటలోంచి మనుషులొస్తారా ఎక్కడన్నా? నేనంత పిచ్చిదాన్నా?"

"తెలిసి మరి..."

"నువ్వు ముద్ద మింగావు. నాకదే చాలనిపించింది. ఊళ్ళో ఆడవాళ్ళొచ్చి గాజులు తీసేద్దాం, ఎన్నాళ్ళిలా అన్నా, నాన్న వస్తాడని పిల్ల అనుకుంటోంది, దాని ముందు ఎలా తియ్యనని తోలేశా. నువ్వు అడగడం మానేశాక తీసేద్దామనుకున్నా." కొండమ్మ చేతులు నెత్తళ్ళ మీద ఆగాయి. "నువ్వు మానేసేటప్పటికి ఆ ఆశ నాకు పట్టుకుంది. తెల్లారి హార్బర్లో బోటు చప్పుడైతే ఇప్పటికీ లేచి కూర్చుంటా. నవ్వుకుంటావేమో గానీ, ఆ ఆట రెండోది ఇంకా రాలేదులే, ఇంకా టైముందిలే అనుకునేదాన్నే నేను."

శ్రీదుర్గ నోటి దాకా వచ్చిన హంసలదీవి మాట అక్కడే ఆగిపోయింది. ముసలమ్మ నుదుటి కుంకం చెమటకు కొంచెం జారి ముక్కు మీదికి వచ్చింది. చేయి చాపి తుడవాలనిపించింది, తుడవడానికి చెయ్యి రాలేదు.

కొండమ్మ కూతురి మోకాలి మీద చెయ్యి వేసింది. "నువ్వే అన్నావుగా, అదేం బాగోలేదని. మీ వాళ్ళందరూ కూడా అంటున్నారుగా. బాగోలేని దాన్ని ఆడ్డమెందుకే? వదిలెయ్. ఆడకు."

"అవునమ్మా," అంది శ్రీదుర్గ. "అస్సలు బాగోలేదంట."