దసరానాడు రెండు తుపాకులు

కాటారం దగ్గర మా చిన్నాయన, చేలో పడే అడవి పందుల్ని బెదరగొట్టడానికి నాటు తుపాకీ ఉంచుకున్నాడు. దసరానాడు నాగలితోపాటు దానికీ బొట్టు పెట్టి వాకిట్లో పూజ చేస్తుంటే, లైసెన్సు లేదని పోలీసులు ఆయన్ని పట్టుకుపోయారు.

"తుపాకీ సెక్షన్ పడ్డది. శిక్ష తప్పది, తగ్గది" అన్నాడు వకీలు.

జనగామలో మా ఇంటి ఓనరు అంతకుముందే కొడుకు పెళ్లి బరాత్‌లో లైసెన్సు తుపాకీ పేల్చి, డప్పు కొట్టేవాడి భుజం చీల్చాడు. పొరపాటున పేలిందని రాసి కేసు మూసేశారు. ఆ దసరా సాయంత్రమే ఎస్సై వచ్చి, ఓనరు చేతిలో జమ్మి ఆకు పెట్టి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. నా కళ్లతో చూశాను.

జైల్లో ములాఖత్‌కు పోతే చిన్నాయన అడిగిన మొదటి మాట: "పందులు చేన్ల పడ్తున్నయా బిడ్డా?"

"చేను సంగతి తెల్వది చిన్నాయనా. జనగామల ఒక పందికి ఎస్సై జమ్మి పెట్టిండు" అన్నాను.