ఎనిమిదో లెక్కకు లేచినవాడు

మా డ్రిల్లు మాస్టారు దేహం చాలించి నేటికి నలభై దినాలు. ఉదయం వారి క్రైస్తవ గుడిలో జ్ఞాపకార్థ కూడిక జరిగింది. చివరి బల్ల మీద కూర్చొని వచ్చాను. పోయినవారిని తలచుకొనేటప్పుడు పేరూ గోత్రమూ చెప్పి నువ్వులూ నీళ్లూ విడవడం మా ఇంటి ఆచారం. ఆయనకు గోత్రం లేదు. ఆయన పేర నీళ్లు విడిచే అధికారం నాకు లేదు. అధికారం లేని చోట కృతజ్ఞత మిగులుతుంది గనుక, నీటికి బదులు ఈ నాలుగు మాటలు విడుస్తున్నాను. పాఠకులు సాక్షులుగా ఉందురుగాక.

వార్త తెచ్చినవాడు మా హైస్కూలు బంట్రోతు. సంధ్య వార్చుకొని లేస్తున్నాను. అరుగు దిగువన నిలబడి, "ఏవండీ పంతులుగారూ, డ్రిల్లు మాస్టారు తెల్లారగట్ల పోయారండి. నిద్దట్లోనే అంటండి," అన్నాడు. "ఎవరు చెప్పారోయ్?" అని అడిగాను. ఏలూరు కాలువ గట్టు పక్కన, ఒక బండి పట్టేటంత సందుకు ఇటు నా ఇల్లు, అటు ఆయన ఇల్లు. ఎదురింటి మరణాన్ని ఎవరు చెప్పారని అడిగిన మూఢుణ్ణి నేను.

ఆయన కొల్లేటి లంకలో చేపలు పట్టే వారింట పుట్టి, మిషను బోర్డింగులో చదువుకొన్నారు. యుద్ధకాలంలో తాడేపల్లిగూడెంలో విమానాలు దిగడానికి రన్‌వే వేసినప్పుడు అక్కడ స్టోరులో పనిచేశారు. సాయంకాలాలు ఆ మైదానంలో తెల్ల సోల్జర్లు నాలుగు గుంజలు పాతి, తాళ్లు కట్టి, తోలు తొడుగులు వేసుకొని ముష్టియుద్ధం చేసుకొనేవారట. చూడబోయిన ఈయన చేయడం నేర్చుకొన్నారు. లారీ తోలే ఇంగ్లండు సోల్జరు ఒకడు ఈయనకు గురువూ మిత్రుడూ అయినాడు; వెళ్లిపోతూ తన తొడుగులు ఇచ్చి పోయాడు. స్వదేశం చేరాక కూడా, ఆ ఆట కోసమే అచ్చయ్యే పత్రికను ఓడ టపాలో పంపుతూనే ఉన్నాడు.

అదే మైదానంలో ఈయన ఎడమ కన్ను ఒక దెబ్బకు పోయింది. యుద్ధం ముగిసి, నేను తెలుగు చెప్పే మా స్కూలులో డ్రిల్లు మాస్టారుగా చేరిన కొన్నేళ్లకు కుడి కన్ను కూడా మసకబారసాగింది. విజిలు ఊదడానికి చూపు అక్కరలేదు. పత్రిక చదవడానికి కావాలి. విప్పని పత్రికలు ఆయన బల్ల మీద దొంతరగా పేరుకొన్నాయి.

నా భార్య గతించి అప్పటికి ఏడాది. పిల్లలు లేరు. ఆయన వివాహమే చేసుకోలేదు. స్టాఫు రూములో నమస్కారం పెట్టుకోవడం తప్ప మా మధ్య మాటలు తక్కువ. అటువంటి ఆయన ఒక సాయంకాలం పత్రిక చంకలో పెట్టుకొని, గోడ తడుముకొంటూ మా అరుగెక్కారు.

"పంతులుగారూ, ఇది కాస్త చదివి పెట్టాలండీ."

"నాకు ఇంగ్లీషు రాదు కదండీ."

"రైల్వే స్టేషన్లో బోర్డులు చదువుతారు కదండీ."

"అక్షరాలు కూడబలుక్కుంటానండీ. అర్థం తెలియదు."

"అర్థం నా దగ్గరుందండీ. గొంతు మీరివ్వండి."

ఫిఫ్తు ఫారం పిల్లలు గడగడ చదువుతారు కదా, వారిలో ఒకరిని పిలిపించనా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "వాళ్లకి అర్థం తెలుసండీ. ఎవడు గెలుస్తున్నాడో గొంతులోనే పట్టించేస్తారు. మీకు తెలియదు కాబట్టి మీ గొంతులో ఇద్దరూ సమానమేనండీ."

నా జీవితంలో నా అజ్ఞానానికి దక్కిన మొదటి గౌరవం అది.

ఆనాటి నుంచి రోజూ స్కూలు విడిచాక ఒక గంట మా అరుగు మీద పారాయణం. వేదపాఠశాలలో చేరిన మొదటి ఏడు స్వరం తప్పకుండా, అర్థం ఊసెత్తకుండా వల్లించినట్టు, నేను ఒక్కొక్క పదం పలికేవాణ్ణి. ఆయన వాలుకుర్చీలో కుడిచెవి ఇటు పెట్టి, కళ్లు మూసుకొని వినేవారు. వాక్యం పూర్తికాగానే తెలుగులో చెప్పేవారు. చెబుతూ భుజం వంచేవారు, గడ్డం దాచుకొనేవారు. ఒకసారి ఉత్సాహంలో నా మజ్జిగ గ్లాసును ఎడమచేత్తో పడగొట్టారు. "ఇదీ పెద్దాయన దెబ్బండీ. వచ్చేది కనపడదు," అన్నారు, తడిసిన పంచెతో కూర్చున్న నాతో.

ఆ దొరల పేర్లు నా నోట తిరగవు. అందుచేత వీరులకు మేము మా పేర్లు పెట్టుకొన్నాం. పత్తిచేల కూలీలకు పుట్టి పన్నెండేళ్లు ప్రపంచ విజేతగా నిలిచిన నీగ్రో యోధుడు మాకు 'పెద్దాయన'. ఆయనను ఒకనాడు పన్నెండో రౌండులో పడగొట్టి, రెండేళ్ల తరువాత మొదటి రౌండులోనే ఆయన చేత కూలినవాడు 'జర్మనీ ఆయన'. తండ్రి బూట్ల ఫ్యాక్టరీలో పనిచేయగా ఆ ఊరి నుంచే లేచివచ్చిన కుర్ర యోధుడు 'బూట్ల అబ్బాయి'. జర్మనీ ఆయన కూలిన ఘట్టాన్ని, సోల్జరు వదిలిపోయిన పాత పత్రికలో నుంచి ఎన్నిమార్లు చదివించుకొన్నారో లెక్కలేదు. అది నాకు కంఠస్థమైంది.

అయితే డ్రిల్లు మాస్టారికి దెబ్బల కంటే లెక్క మీద గురి ఎక్కువ. పడినవానికి పది అంకెలు లెక్కపెడతారు. ఆ లోపల లేస్తే ఆట సాగుతుంది. వెనుక ఒక పేరుమోసిన ముష్టియుద్ధంలో పడగొట్టినవాడు పడినవాని నెత్తిమీదే నిలబడ్డాడట. మధ్యవర్తి, నీవు దూరపు మూలకు పోతేగాని లెక్క మొదలుపెట్టనన్నాడట. ఆ సందున దొరికిన నాలుగైదు క్షణాలలో పడినవాడు ఊపిరి కూడదీసుకొని లేచాడు; లేచి, చివరికి గెలిచాడు కూడా. ఇది న్యాయమా కాదా అని ఆ దేశంలో ఇప్పటికీ తగవులాడుకొంటారట. మా మాస్టారికి ఆ సందేహం లేదు. "పడగొట్టినవాడు పక్కకి తొలిగేదాకా లెక్క మొదలవకూడదండీ. లెక్క పడినవాడి సొత్తు," అనేవారు. చదువులో లెక్క వచ్చిన చోటల్లా, అంకె అంకెకూ కుర్చీ చేతి మీద చూపుడువేలితో మెల్లగా తట్టేవారు.

ఇక నా అపరాధం చెప్పాలి.

పెద్దాయన వయసు మళ్లాక ఏవో కష్టాలు చుట్టుముట్టి మళ్లీ బరిలో దిగాడు. బూట్ల అబ్బాయితో తలపడి ఓడాడు. రెండు పంక్తుల వార్త మద్రాసు పత్రికలో అప్పుడే వచ్చింది. డ్రిల్లు మాస్టారు ఆ దినం అన్నం తినలేదు. పూర్తి కథ ఉన్న పత్రిక రెండు నెలలకు, క్రిస్మసు సెలవులకు రెండు రోజుల ముందు చేరింది. ఏడు రౌండ్లు చదివాను. పుట తిప్పగానే బొమ్మ కనబడింది. పెద్దాయన తాళ్ల నడుమ నుంచి అవతలికి వెల్లకిలా పడి ఉన్నాడు. ఒక కాలు తాటికి వేలాడుతూ ఉంది.

నాబోటి పురాణం చెప్పేవారికి ఒక నియమం ఉంది. వీరుడు కూలిన ఘట్టం దగ్గర ఆ పూట గ్రంథం కట్టకూడదు. ముందుకు సాగి శుభం దాకా చదవాలి. ముందు శుభం లేకపోతే వెనుకటి మంగళ ఘట్టం ఒకటి చదివి లేవాలి. నలభై ఏళ్లు పాటించిన నియమం. నా చేతులు వాటంతటవే పత్రిక మూశాయి. నా నోరు, చూడకుండానే, జర్మనీ ఆయన కూలిన మొదటి రౌండు ఎత్తుకొంది.

రెండు వాక్యాలకే ఆయన చేయి పైకి లేచింది.

"ఎనిమిదో రౌండేదండీ?"

"కూలినచోట ఆపకూడదండీ. అందుకని..."

"ఓడిపోయాడని రెండు నెలల క్రితమే తెలుసు కదండీ. ఎలా ఓడాడో విందామనే కదా కూర్చున్నాను!"

"మీకు కష్టంగా ఉంటుందని..."

"మీరూ పక్షం పట్టారన్న మాట," అని లేచారు. చేతికర్ర కోసం తడుముకొంటుంటే అందించబోయాను, అందుకోలేదు. మెట్టు దిగి, సందు దాటి, తలుపు వేసుకొన్నారు. మరునాడు రాలేదు. ఆ మరునాడు బంట్రోతు, మాస్టారు సెలవులకు కొల్లేరు వెళ్లారని చెప్పాడు.

వాలుకుర్చీ అరుగు మీదే ఉంది. నాలుగు సాయంకాలాలు దాని ఎదుట కూర్చొన్నాను. ఇంటి నిండా తాళపత్రాలు, గ్రంథాలు. మాట్లాడదామంటే మనిషి లేడు. ఈ ప్రపంచంలో నా గొంతు ఎవరికైనా కావలసి వస్తే అది ఆ గంటసేపే. దానిని నా నియమంతో నేనే పోగొట్టుకొన్నాను. అయిదోనాడు పత్రిక సంచిలో పెట్టుకొని బయలుదేరాను.

బస్సులు మారి ఆకివీడు చేరి, అక్కడి నుంచి తాటిదోనెలో లంకకు. తాటిమాను తొలిచిన ఆ దోనెలో కదలకుండా కూర్చోవడం ఒక యోగాభ్యాసం. చలికాలపు పక్షులు నీటి మీద ఆకాశం పరచినట్టున్నాయి. లంక గట్టున మాస్టారు మంచం మీద కూర్చొని ఉన్నారు. ఆయన చెల్లెలు వలకు చిరుగులు కుడుతూ నన్ను మొదట చూసింది.

"అన్నయ్యా, ఎవరో పంతులుగారొస్తున్నారు. పిలకా గట్రా ఉంది. పెళ్లేమన్నా కుదిరిందేంటి నీకు?"

ఆయన ముఖం ఇటు తిప్పారు. నేను తొందరపడి లేచాను. తాటిదోనెలో ఆ పని ఎవరూ చేయరు. దోనె ఒక పక్కకు ఒరిగింది. నేను మొలలోతు నీళ్లలో, బురదలో వెల్లకిలా పడ్డాను. సంచి మాత్రం రెండు చేతులా పైకెత్తి పట్టుకొన్నాను.

"అయ్యయ్యో, పంతులుగారు పడిపోయారండీ!" అంటూ దోనెవాడు చేయి చాపాడు.

"పట్టుకోకు! ఎవరూ పట్టుకోకండి," అని గట్టు మీద నుంచి కేక. ఆ వెంటనే ఆ గొంతే, మైదానంలో విజిలు తరువాత పలికే గొంతు, మొదలుపెట్టింది: "వన్... టూ..."

బురద కాలిని విడవదు. తడిసిన పంచె చుట్టుకొంది. "ఫైవ్... సిక్స్..." చెల్లెలు వల వదిలేసి పడీపడీ నవ్వుతూ ఉంది. నేను నిటారుగా నిలబడేసరికి లెక్క ఎనిమిది దగ్గర ఉంది. నిజంగా ఎనిమిదికే లేచానో, ఆయన నా కోసం అంకెల మధ్య నిదానించారో నాకు తెలియదు. అడగలేదు.

"దేనికొచ్చారండీ ఇంత దూరం?"

"ఎనిమిదో రౌండు బాకీ ఉందండీ."

"బట్టలన్నా మార్చుకోండి."

"చదివాక మార్చుకుంటానండీ."

నీరోడుతూ గట్టున కూర్చొని చదివాను. వల కుట్టేవారు చేతులాపి విన్నారు. "దొరల పురాణం కాబోలు," అన్నారెవరో. ఆయన ఒక్కొక్క వాక్యం తెలుగు చేశారు. బూట్ల అబ్బాయి ఎడమచేతి దెబ్బకు పెద్దాయన పడ్డాడు. లెక్క మొదలైంది. ఎనిమిదో అంకెకు లేచాడు. లేచి, అలసిన చేతులు మళ్లీ ముఖానికి అడ్డం పెట్టుకొన్నాడు. ఆ తరువాతనే ఆ బొమ్మలోని పడడం. ఈసారి మధ్యవర్తి లెక్క పూర్తి చేయలేదు. చేయి ఊపి ఆపేశాడు.

డ్రిల్లు మాస్టారు నీళ్ల వైపు ముఖం తిప్పుకొన్నారు. "చూశారాండీ," అన్నారు. "పడడం ఒక్కటే ఉందనుకున్నారు మీరు. ముందు లేచాడు. ఆ లేవడాన్ని కూడా దాచేశారు కదండీ."

నా నియమంలోని లోపాన్ని ఏ శాస్త్రమూ నాకు అంత సూటిగా చూపలేదు. శుభం కోసం కూలిన ఘట్టాన్ని దాటవేసిన చోటల్లా, ఎందరు లేచిన క్షణాలను నా శ్రోతలకు దక్కకుండా చేశానో!

తరువాతి ఏళ్లలో ఒక్క రౌండు కూడా విడవలేదు. బూట్ల అబ్బాయి ఒక్క ఓటమీ ఎరుగకుండానే గద్దె దిగాడని చదివిననాడు, గొప్పవాడండీ అన్నాను. "ఓడకపోవడం సరేనండీ. పెద్దాయన్ని పడగొట్టిన రోజున ఆయన గదికెళ్లి ఏడ్చాడట. నాకు ఆ అబ్బాయిలో నచ్చింది అదండీ," అన్నారు. ఆయన చూపు అప్పటికి పూర్తిగా పోయింది. అయినా సాయంకాలం సందు దాటడానికి నా చేయి పట్టుకొనేవారు కారు. తన గుమ్మం నుంచి అడుగులు లెక్కపెట్టుకొంటూ వచ్చేవారు: పదకొండు. పన్నెండో అడుగు నా మెట్టు.

ఇప్పుడు ఆ వేళకు సందులో ఏ చప్పుడూ ఉండదు.

పోయిన వారం పోస్టుమాను వచ్చి, "ఎదురింటికి తాళమేసుందండీ. మీకిచ్చెయ్యనా?" అని ఓడ టపా కట్ట చూపాడు. తీసుకొన్నాను. ఆయన పోయిన వార్త ఆ లారీ సోల్జరుకు ఇంకా చేరలేదు. సాయంకాలం వాలుకుర్చీ దాని చోట వేసి, ఎదురుగా కూర్చొని, గొంతెత్తి చదివాను. ఒక్కొక్క పదం స్పష్టంగానే పలికింది. వాక్యం చివర ఆగాను. అక్షరాలు నాతో ఉన్నాయి. అర్థం ఆయనతో వెళ్లిపోయింది. పోరుతున్నవారెవరో తెలియదు. రౌండ్ల అంకెలు, లెక్క అంకెలు మాత్రం గుర్తుపట్టగలను. ఒకచోట లెక్క వచ్చింది. ఎవరో పడ్డారు. వన్, టూ అని చదువుతూ ఎనిమిది దాకా పోయి, అలవాటు చొప్పున, కుర్చీ చేతి మీద వేలి చప్పుడు కోసం ఆగాను.

ఆ కింద ఇంకా అచ్చు ఉంది. అర్థం చెప్పగలవారు ఊళ్లో ఎందరో ఉన్నారు. అడగలేదు. వేలు ఆ అంకె మీదే ఉంచి, చీకటి పడేదాకా కూర్చొన్నాను.

ఇకమీద రాబోయే బిడ్డలారా, మీరు నిలిచి గెలుతురుగాక. పడవలసిన నాడు, మిమ్మల్ని పడగొట్టినది దూరపు మూలకు తొలగుగాక. మీ భాష అయినా తెలియనివాడొకడు మీ చెంత కూర్చొని, ఏ పక్షమూ పట్టక, అంకెకూ అంకెకూ నడుమ ఒక ఊపిరి పట్టేటంత ఎడమిచ్చి, మీ కోసం నిదానంగా లెక్కపెట్టుగాక.