మోచేతి దాకా చెయ్యి పెట్టిన సేటు

ఇయ్యాల జనగామ మార్కెట్ల నా ఒళ్లు మండిపోయింది. లింగాల ఘనపూర్ నుంచి ఎడ్లబండి మీద పత్తి తెచ్చిన, పెద్ద గోనెసంచి బోరెంల నింపి. పత్తి కొనే సేటు బోరెం విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టి తడిమిండు. పొడి పత్తే తగిలింది. అయినా "అడుగున ఎట్లున్నదో ఏం తెలుస్తదక్కా" అని ధర తగ్గించిండు. బరువు కోసం నీళ్లు చల్లి తెచ్చెటోళ్లు లేరని నేననను. కానీ నేను చల్లలే.

గంతట్లనే సేటు పొద్దుగాల రైలుకు వచ్చిన పేపర్ తీసి, పక్క దుకాణమాయనను ఒక కొత్త కంపెనీ షేర్లు కొనుమని చెప్పబట్టిండు. ఫ్యాక్టరీ ఇంక కట్టనే లేదట. అయినా జనం ఎగబడి కొంటున్నరట, ధర రోజురోజుకు పెరుగుతున్నదట.

"గా కంపెనీల ఏమున్నదో నీకు తెల్సా సేటూ?" అని అడిగిన.

"తెల్వదు కాబట్టే గంత ధరక్కా! ఎంతకన్న పోవచ్చు" అని నవ్విండు.

"మునగొచ్చు గూడ కద?" అంటే పేపర్ మడిచిండు.

బోరెం మూతి కట్టి, అమ్మకుండ వాపస్ తెచ్చిన. ఏమున్నదో తెల్వకపోతే కంపెనీ మీద ఆశనట, నా బోరెం మీద అనుమానమట. గిదెక్కడి నాయమో జర మీరన్న చెప్పుండ్రి.