సూడు అంటే చూశాను

ముందున్న గ్లాసెడు చాయ్ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. అబద్ధమైతే ఈ చాయ్‌లో ఈగ పడాలి.

తొంభైల చివర్లో నల్లగొండలో, గడియార స్తంభం దగ్గర మేడ మీద ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. లైనక్స్ ఎక్కించిన మిషన్ ఒక్కటే. నేర్చుకునేది ఇద్దరం: నేనూ, నకిరేకల్ నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక దర్జీ కూతురూ. నెలాఖరున పరీక్ష పెట్టి, గెలిచినవాళ్లకు ఆ మిషన్ అప్పగించి కొలువిస్తానన్నాడు సార్. ఆ కుర్చీ నాదేనని అప్పటికే ఊరంతా చెప్పుకున్నాను.

ఆమె టైపు కొడితే కుట్టుమిషన్ నడిచినట్టుండేది. ఒకరోజు కీబోర్డు నుంచి పొగ లేస్తే సార్ పరుగున వచ్చి ప్లగ్గు పీకాడు. నా కడుపులో లేచిన పొగకు మాత్రం పీకడానికి ప్లగ్గు లేదు.

జ్వరమని చెప్పి నేను సినిమాకు పోయిన రోజు సార్ కొత్త పాఠం చెప్పాడట. మర్నాటి నుంచి కొత్త యూజర్‌ను చేర్చాలన్నా, ఆగిన ప్రింటర్‌ను లేపాలన్నా, మిషన్ నన్ను పర్మిషన్ లేదు పొమ్మనేది. ఆమె కొడితే చెప్పినట్టు వినేది. మూడు రోజులు పళ్లు కొరికి, చివరికి అడిగాను.

"చెల్లె, జర చెప్పు. గిదెట్ల చేస్తున్నవ్?"

"సూడు అన్నా."

"సూస్తనే ఉన్న గదా!"

"గట్ల కాదన్నా. ముందుగాల సూడు, దాని ఎనుక కమాండ్ కొట్టు."

కళ్లద్దాలు తుడుచుకుని, నిమిషం పాటు స్క్రీన్‌ను చూసి, అప్పుడు కొట్టాను. పర్మిషన్ లేదు. ఆమె చున్నీ అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది.

పరీక్ష నాడు సార్ నా వెనకే నిలబడి, "సూడు మరిచినవ్‌ రా," అన్నాడు. ముక్కు తగిలేంత దగ్గరగా చూశాను. కుర్చీ ఆమెకు పోయింది.

"సూసుడు కాదురా అయ్యా! ఎస్, యు, డి, ఓ. కమాండ్ ముందల అది పెడితెనే మిషన్ మాట ఇంటది," అని సార్ తల పట్టుకున్నాడు.

ఇదిగో, చాయ్‌లో ఈగ పడింది. ఒప్పుకుంటాను. పొగ నిజమే. కల్పించింది ఆమె నవ్వు. ఆమె నవ్వలేదు. బస్సు టికెట్ వెనక ఏదో రాసి, మడిచి, నా ముందు పెట్టి, "సూడు అన్నా" అంది. ఆడపిల్ల దగ్గర నేర్చుకున్నాడంటారని, విప్పకుండానే కిటికీలోంచి విసిరేశాను.

అన్నీ చూశాను. అదొక్కటే చూడలేదు.